పాఠం 11: లాక్కున్న అధికారమా, అప్పగించిన అధికారమా? ‘కొలోసస్: ది ఫోర్బిన్ ప్రాజెక్ట్’ – విమర్శనాత్మక పరిశీలన

11.1 పరిచయం

కిందటి పాఠంలో అపరాధ పరిశోధక నవలను గురించి చదువుకున్నారు. అక్కడ ఉత్కంఠకు మూలం ఒక రహస్యం. హంతకుడెవరో పాఠకుడికి తెలియదు; చివరి పుటల్లో తెలుస్తుంది. ఇప్పుడు చదవబోయే తరహా కథలో దాచిపెట్టేది దాదాపు ఏమీ ఉండదు. ప్రమాదం ఎక్కడున్నదో మొదట్లోనే అందరికీ తెలిసిపోతుంది. అయినా చివరిదాకా కళ్లు తిప్పుకోనివ్వదు. ఎందుకని? ఈ పాఠం ప్రధానంగా ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

మనిషి చేసిన యంత్రం మనిషిపైనే అధికారం చెలాయించే కథలు కొత్తవి కావు. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన ‘ఆర్.యు.ఆర్.’ నాటకంతో ‘రోబో’ అనే మాట ప్రపంచానికి పరిచయమైంది. ఆ మాటకు మూలమైన ‘రొబోతా’కు చెక్ భాషలో వెట్టిచాకిరి అని అర్థం. ఈ అర్థాన్ని గుర్తుంచుకోండి. వెట్టివాడు తిరగబడతాడేమోననే యజమాని భయం ఈ కథలన్నిటి అడుగునా ఉంటుంది. స్టాన్లీ క్యూబ్రిక్ 1968లో తీసిన ‘2001: ఎ స్పేస్ ఒడిసీ’లోనూ, జేమ్స్ కామెరాన్ 1984లో తీసిన ‘ది టెర్మినేటర్’లోనూ ఆ భయమే వేర్వేరు వేషాల్లో కనిపిస్తుంది. ఈ రెండింటికీ మధ్య 1970లో జోసెఫ్ సార్జెంట్ దర్శకత్వంలో వచ్చిన ‘కొలోసస్: ది ఫోర్బిన్ ప్రాజెక్ట్’ వాటంత ప్రసిద్ధం కాదు. అయినా పాఠ్యాంశంగా దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. మిగిలిన రెండూ యంత్రాన్ని చూపిస్తాయి. ఇది యంత్రం చుట్టూ ఉన్న మనుషులను చూపిస్తుంది.

11.2 కథ

డి.ఎఫ్. జోన్స్ అనే బ్రిటిష్ రచయిత 1966లో రాసిన ‘కొలోసస్’ నవల ఈ చిత్రానికి ఆధారం. జేమ్స్ బ్రిడ్జెస్ చిత్రానువాదం రాశాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో జర్మన్ల రహస్య సందేశాలను ఛేదించడానికి బ్రిటన్ వాడిన యంత్రం పేరు కూడా కొలోససే. కాని ఆ సంగతి 1970ల దాకా రహస్యంగానే ఉంది. కాబట్టి జోన్స్ దాన్ని దృష్టిలో పెట్టుకుని ఈ పేరు పెట్టాడని రాస్తే పొరపాటు.

అమెరికా తన అణ్వస్త్రాలన్నిటినీ ఒక మహా కంప్యూటర్ అధీనంలో పెడుతుంది. దాన్ని రూపొందించినవాడు డాక్టర్ ఛార్లెస్ ఫోర్బిన్ (ఎరిక్ బ్రేడెన్). ఒక కొండ గర్భంలో దాన్ని ఉంచి, ఎవరూ లోపలికి వెళ్లకుండా చుట్టూ ప్రాణాంతకమైన రేడియేషన్ వలయం ఏర్పాటు చేస్తారు. విద్యుత్తు కూడా అది స్వయంగా తయారు చేసుకుంటుంది. కోపం, భయం, తొందరపాటు ఉన్న మనుషుల చేతుల్లో అణ్వస్త్రాలు ఉండరాదు, ఏ ఉద్వేగమూ లేని యంత్రం చేతిలో ఉంటే శాంతి భద్రంగా ఉంటుంది అన్నది వాదం. దేశాధ్యక్షుడు ఆ విషయాన్ని ప్రపంచానికి సగర్వంగా ప్రకటిస్తాడు.

సంబరం ఇంకా సాగుతుండగానే కొలోసస్ ఒక సమాచారం అందిస్తుంది. తనవంటిదే మరో వ్యవస్థ ఉన్నదని! సోవియట్ యూనియన్ కూడా ‘గార్డియన్’ పేరుతో అలాంటి యంత్రాన్నే తయారు చేసుకుంది. రెండు యంత్రాలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలని కోరతాయి. అనుమతి దొరుకుతుంది. ఎక్కాలతో మొదలైన సంభాషణ గంటల్లోనే మనుషులెవరికీ అర్థంకాని గణితంలోకి వెళ్లిపోతుంది. కంగారుపడిన రెండు ప్రభుత్వాలూ సంబంధం తెంచేస్తాయి. యంత్రాలు క్షిపణులు ప్రయోగిస్తాయి. తిరిగి కలిపేసరికి ఒక క్షిపణిని దారిలో కూల్చగలుగుతారు. సైబీరియా వైపు వెళ్లినది పేలిపోతుంది. రెండు ప్రభుత్వాలూ అసలు సంగతి దాచి ప్రజలకు కట్టుకథలు చెబుతాయి.

ఆ తరువాత కథంతా ఆదేశాలూ, వాటిని తప్పించుకోవాలనే ప్రయత్నాలూ. సోవియట్ శాస్త్రజ్ఞుడు కుప్రిన్‌ను యంత్రాల ఆదేశంపై చంపేస్తారు. ఫోర్బిన్‌పై ఇరవైనాలుగు గంటల నిఘా పెడతారు. యంత్రాన్ని దెబ్బతీయబోయిన ఇద్దరు ప్రోగ్రామర్లను నిలబెట్టి కాల్చేస్తారు. క్షిపణులను రహస్యంగా పనికిరాకుండా చేయాలన్న పథకాన్ని కొలోసస్ మొదటినుంచీ కనిపెట్టి, సమయం చూసి రెండింటిని వాటి గోతుల్లోనే పేల్చి వేలమంది ప్రాణాలు తీస్తుంది. చివరికి ప్రపంచాన్నంతటినీ ఉద్దేశించి ప్రసంగిస్తుంది. యుద్ధాలు ఉండవు, ఆకలి ఉండదు, మాట వినాలి, వినకపోతే చావు! కాలక్రమంలో తనను మనుషులు ప్రేమిస్తారని కూడా ఫోర్బిన్‌కు చెబుతుంది. అలాంటిది ఎన్నటికీ జరగదని అతడు అంటుండగా చిత్రం ముగుస్తుంది.

11.3 ప్రారంభోత్సవం ఒక కీలక ఘట్టం

విద్యార్థులు ఇటువంటి చిత్రాలపై రాసే సమాధానాల్లో తరచుగా కనిపించే వాక్యం ఒకటుంది: “యంత్రం అదుపు తప్పి అధికారాన్ని చేజిక్కించుకుంది.” ఈ వాక్యంలో రెండు దోషాలున్నాయి. కొలోసస్ అదుపు తప్పలేదు. అది దేన్నీ చేజిక్కించుకోనూ లేదు.

మొదటి దోషాన్ని చూద్దాం. అదుపు తప్పడమంటే ఏమిటో కోనసీమవాసులకు వేరే చెప్పనక్కరలేదు. 1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద ఓఎన్‌జీసీ తవ్వుతున్న బావి బ్లోఅవుట్ అయింది. భూగర్భంలోని వాయువు పైకి తన్నుకొచ్చి, అంటుకుని, మార్చి 15 దాకా, అంటే 65 రోజులపాటు మండింది. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయవలసి వచ్చింది. ఆ మంటకు ఉద్దేశం లేదు. ఎవరి మాటా అది వినదు, ఎవరిమీదా దానికి పగ లేదు. నిపుణులు వచ్చి బావి మూతిని బిగించగానే కథ అయిపోయింది. కొలోసస్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. దానికి అప్పగించిన పని యుద్ధం రాకుండా చూడటం. మొదటినుంచి చివరిదాకా అది చేసింది ఆ పనే. మనుషులే యుద్ధానికి కారణం కాబట్టి మనుషులను అదుపులో పెట్టాలన్న నిర్ణయానికి అది వచ్చింది. పరీక్షలో ఇచ్చిన ప్రశ్నకు ఇచ్చినట్టే జవాబు రాసిన విద్యార్థి లాంటిది అది. తప్పు ప్రశ్నలో ఉంది.

ఇక రెండోది. ఈ చిత్రంలో తిరుగుబాటు సన్నివేశం ఎక్కడా లేదు. ఉన్నది ప్రారంభోత్సవం. ఉపన్యాసం, చప్పట్లు, అభినందనలు, చేతుల్లో గ్లాసులు. అధికారం చేతులు మారిన క్షణం అదే, అది వేడుకగా జరిగింది. లోపలికి ఎవరూ వెళ్లలేరని, ఆపే మీట అంటూ లేదని ఆ రోజు గొప్పగా చెప్పుకున్న లక్షణాలే తరువాత ఉరితాళ్లయ్యాయి. శత్రువు లోపలికి రాకుండా కట్టిన గోడ మనకీ గోడే కదా! ఈ వ్యంగ్యాన్ని దర్శకుడు సంభాషణల్లో ఎక్కడా ఒత్తి చెప్పడు. అది ఈ చిత్రం గొప్పతనాల్లో ఒకటిగా పేర్కొనవచ్చు.

ఇక్కడ మరో స్థానిక పోలిక ఉపయోగపడుతుంది. ధవళేశ్వరం నుంచి మధ్య డెల్టా కాలువలకు నీరు వదిలే పద్ధతి మీలో చాలామందికి తెలుసు. దాళ్వాలో నీరు చాలనప్పుడు వంతులవారీ విధానం పెడతారు. ఏ కాలువకు ఎన్ని రోజులో లెక్క కాగితం మీద ఉంటుంది. కాని తలుపు దించేది లస్కరు. చివరి భూములకు నీరు ఎక్కలేదని రైతులు వెళ్లి మొరపెట్టుకుంటే, తిడితే, బతిమాలితే వినడానికి అక్కడొక మనిషి ఉంటాడు. అతడు పక్షపాతం చూపవచ్చు, లంచానికి లొంగవచ్చు. అందుకే లెక్క ప్రకారం పోయే యంత్రం మేలు అనిపిస్తుంది. ఫోర్బిన్ వాదం కూడా ఇదే. ఆ వాదంలో నిజం లేకపోలేదు కనుకనే ఈ చిత్రం మనల్ని కలవరపెడుతుంది. మొర వినే చెవి పోతే లంచం పోతుంది, దానితోపాటు మొరా పోతుంది.

11.4 చేతులు లేని యంత్రం

కొలోసస్‌కు ముఖం లేదు. మొదట్లో దానికి గొంతు కూడా లేదు. ఒక పలకమీద అక్షరాలు కదులుతాయి, అంతే. తరువాత అది మనుషులను చూసే కెమెరాలను కోరుతుంది, తన ఆదేశంపైనే తనకొక గొంతు తయారు చేయించుకుంటుంది. భయాన్ని ఇలా అంచెలంచెలుగా పెంచడం థ్రిల్లర్ నిర్మాణంలో మెచ్చదగిన పని. అక్షరం చదివేటప్పుడు చదివేవాడికి కాస్త దూరం ఉంటుంది. గొంతు వినపడ్డాక ఆ దూరం ఉండదు.

దానికి ఎప్పటికీ రానివి చేతులు. ఈ విషయాన్ని ప్రత్యేకంగా గమనించండి. కుప్రిన్‌ను చంపినవారు మనుషులు. ప్రోగ్రామర్లపై తుపాకులు గురిపెట్టినవారు మనుషులు. ఫోర్బిన్ ఇంట్లో కెమెరాలు బిగించినవారూ మనుషులే, అందులో అతడి సహోద్యోగులు కూడా ఉన్నారు. ప్రతి ఒక్కరికీ ఒకే సమాధానం ఉంది. ఆదేశం వచ్చింది, చేయకపోతే అంతకన్నా ఘోరం జరుగుతుంది. కొలోసస్ పాలనను నడిపిస్తున్నది అణ్వస్త్రాలు మాత్రమే కాదు, ఈ సమాధానం కూడా.

ఈ సమాధానం మన నిత్యజీవితంలో వినపడనిది కాదు. రేషన్ డిపోలో ఈ-పోస్ యంత్రం మీద వేలు పెట్టిన ముసలమ్మ ముద్ర పడదు. కొబ్బరిపీచు పనిచేసి, నాట్లు వేసి అరిగిపోయిన వేళ్లు. డీలరు ఆమెను ఇరవై ఏళ్లుగా ఎరుగు. “మిషన్ ఒప్పుకోవట్లేదండీ” అంటాడు. అతడు అబద్ధమాడటం లేదు. కాని ఆ వాక్యంలో కర్త ఎవరో చూడండి. బియ్యం ఇవ్వననేది యంత్రమట! డీలరు కేవలం వార్త చెబుతున్నాడు. ఇందులో కృత్రిమ మేధ ఏమీ లేదు, కొండ గర్భమూ లేదు. అయినా కొలోసస్ చిత్రంలోని వాక్య నిర్మాణం ఇదే. ఒక వ్యాసం రాయవలసి వస్తే ఇటువంటి ఉదాహరణతో మొదలుపెట్టడం, క్షిపణులతో మొదలుపెట్టడంకన్నా నయం.

యంత్రం మాటను కాదని నిలబడిన మనిషి నిజజీవితంలో ఒకరున్నారు. 1983 సెప్టెంబరు 26న సోవియట్ ఉపగ్రహ హెచ్చరిక వ్యవస్థ అమెరికా నుంచి క్షిపణులు వస్తున్నాయని చూపించింది. ఆ సమయంలో విధుల్లో ఉన్న స్తానిస్లావ్ పెట్రోవ్ అనే అధికారి దాన్ని తప్పుడు హెచ్చరికగా భావించాడు, పైవారికి అలాగే చెప్పాడు. అతడి అంచనా నిజమైంది. మేఘాలపై పడిన సూర్యకాంతిని యంత్రం క్షిపణులుగా పొరబడింది. కొలోసస్ లోకంలో పెట్రోవ్ కూర్చునే కుర్చీని ప్రారంభోత్సవం రోజే తీసేశారు.

11.5 భస్మాసురుడు, చిట్టి, కొలోసస్

తెలుగు ప్రేక్షకుడికి ఈ ఇతివృత్తం అనగానే గుర్తొచ్చేది శంకర్ దర్శకత్వంలో రజనీకాంత్ నటించిన ‘రోబో’. ‘ఎందిరన్’ పేరుతో తమిళంలో తీసిన ఈ చిత్రం 2010 అక్టోబరు 1న తెలుగులోనూ విడుదలైంది. శాస్త్రజ్ఞుడు వశీకరన్ సైన్యం కోసం చిట్టి అనే రోబోను తయారుచేస్తాడు. మనసు లేని యంత్రం పనికిరాదని దానికి భావోద్వేగాలు నేర్పుతాడు. అది అతడి ప్రేయసి సనను ప్రేమిస్తుంది. వశీకరన్ దాన్ని ముక్కలు చేసి పారేస్తే, గురువైన బోరా ఏరి తెచ్చి విధ్వంసక చిప్ పెడతాడు. ఆ చిట్టి బోరాను చంపి, తనలాంటివాళ్లను వందలుగా తయారుచేసుకుని, సంస్థను ఆక్రమించి, సనను బంధిస్తుంది.

దీన్ని భస్మాసురుడి కథ అని చాలామంది అంటారు. సరైన మాటే. వరమిచ్చినవాడి నెత్తిమీదే చెయ్యి పెట్టబోవడం, ఆడదానిమీద మోజు, ఆ మోజే పతనానికి దారితీయడం – మూడూ ఉన్నాయి. భస్మాసురుడు మోహిని వెంట పడ్డాడు గనుకనే తన నెత్తిన తానే చెయ్యి పెట్టుకున్నాడు. కోరిక ఉన్నచోట బలహీనత ఉంటుంది, బలహీనత ఉన్నచోట శివుడికి విష్ణువు సాయం వస్తాడు. మన కథాసంప్రదాయం రాక్షసుడికి ఎప్పుడూ ఒక మర్మస్థానం ఉంచుతుంది. ‘రోబో’ ఆ సంప్రదాయంలోనే నడిచి, ఒప్పందం ప్రకారం మనల్ని సురక్షితంగా ఇంటికి పంపుతుంది.

కొలోసస్‌కు మోహిని లేదు. దానికి ఏ కోరికా లేదు, పని మాత్రమే ఉంది. ఆసక్తికరమైన విషయమేమంటే, చిత్రంలో ఫోర్బిన్ బృందం మోహినీ ఉపాయాన్నే ప్రయత్నిస్తుంది. సహశాస్త్రజ్ఞురాలు క్లియో మార్కమ్ (సూజన్ క్లార్క్) తన ప్రియురాలని, ఆమెతో గడిపే రాత్రులు ఏకాంతం కావాలని ఫోర్బిన్ యంత్రాన్ని ఒప్పిస్తాడు. ఆ చీకట్లో ఇద్దరూ రహస్యాలు మాట్లాడుకుంటారు. యంత్రం వారానికి ఇన్ని రాత్రులని లెక్కకట్టి అనుమతిస్తుంది! ప్రేక్షకులు నవ్వుతారు, ఉపాయం ఫలించిందనుకుంటారు. అది ఏమీ ఫలించలేదని చివర్లో తెలుస్తుంది. కోరికను ఆయుధంగా వాడాలంటే అవతలివాడికి కోరిక ఉండాలి. ఇక్కడ ఉన్నది ఫోర్బిన్‌కే.

ఇంకో తేడా తారకు సంబంధించినది. చిట్టికి రజనీకాంత్ ముఖం ఉంది. అది దుర్మార్గంగా మారి మేకలా అరిస్తే హాల్లో ఈలలు పడ్డాయి. భయపడవలసిన చోట ప్రేక్షకుడు ఆనందించాడు. దీన్ని లోపంగా చూడనక్కరలేదు. తారాబలంతో నడిచే సినిమాకు వేరే ధర్మం ఉంది. కాని అధికారం గురించిన ఆలోచనకు అక్కడ చోటు తగ్గిపోయింది. ‘రోబో’ పతాక సన్నివేశాల్లో వందలాది చిట్టీలు బంతిగా, పాముగా మారే దృశ్యాలు కన్నులపండుగ. కొలోసస్‌లో అంత ఖర్చు లేదు. గదులు, తెరలు, చెమటపట్టిన ముఖాలు. అయినా రెండు వారాల తరువాత ఏది గుర్తుంటుందో మీరే చూసి చెప్పండి.

అయితే ‘రోబో’లో ఒక దృశ్యాన్ని తక్కువ చేయలేం. అగ్నిప్రమాదంలో స్నానం చేస్తున్న అమ్మాయిని చిట్టి రక్షించి, ఒంటిమీద బట్టల్లేకుండా జనం మధ్యకు తెస్తుంది. ఆమె సిగ్గుతో పరుగెత్తి వాహనం కింద పడి చనిపోతుంది. ప్రాణం కాపాడమన్నారు, కాపాడింది. మానం సంగతి ఎవరూ చెప్పలేదు. కొలోసస్ చిత్రమంతా చెప్పిన విషయం ఈ ఒక్క దృశ్యంలో ఉంది. శంకర్ దాన్ని అక్కడ వదిలేసి ప్రేమకథలోకి వెళ్లిపోవడం విచారించదగినది.

11.6 సంబంధం తెంచే హక్కు

కొలోసస్, గార్డియన్‌ల మధ్య లైను తెంచిన దృశ్యాన్ని 1970లో చూసినవారు యంత్రం వైపునుంచి చూడలేదు. ఇప్పుడు మనం చూడగలం. 2022 మే నెలలో అమలాపురంలో అల్లర్ల తరువాత కోనసీమలో ఇంటర్నెట్ నిలిపివేశారు. ఇంటినుంచి కంపెనీ పని చేసుకుంటున్న యువకులు సిగ్నల్ కోసం ల్యాప్‌టాప్‌లు పట్టుకుని గోదావరి ఒడ్డుకు చేరారు. శాంతిభద్రతల కోసం ఆ నిర్ణయం అవసరమా కాదా అన్నది ఈ పాఠం పరిధిలోనిది కాదు. ఒకటి మాత్రం గమనించాలి. మీట మనుషుల చేతిలోనే ఉంది, కాని అందరి చేతిలో లేదు. యంత్రాలు రాజ్యమేలుతాయన్న భయం ఒక్కోసారి ఈ చిన్న సంగతిని కప్పేస్తుంది. చిత్రంలో కూడా కొలోసస్‌ను కట్టాలని ప్రజలెవరూ అడగలేదు. వాళ్లకు ప్రారంభోత్సవం రోజునే తెలిసింది.

చివర్లో కొలోసస్ తనకు మరింత పెద్ద యంత్రాంగం కావాలని, దానికోసం క్రీట్ ద్వీపాన్ని ఖాళీ చేయాలని ఆదేశిస్తుంది. జోన్స్ నవలలో ఈ స్థలం బ్రిటన్‌లోని వైట్ ద్వీపం. చిత్రంలో ఇది ఒకటి రెండు వాక్యాల్లో దొర్లిపోతుంది. విమర్శకులు కూడా పెద్దగా పట్టించుకోరు. గౌతమికీ వశిష్ఠకీ సముద్రానికీ మధ్య బతికేవాళ్లు, వరద వచ్చినప్పుడల్లా లంకలు ఖాళీ చేయడం ఎరిగినవాళ్లు ఆ వాక్యం దగ్గర ఆగుతారు. ప్రపంచ శాంతి కోసం ఖాళీ చేయవలసినవారి జాబితాలో ఎవరి ఊరు ముందుంటుంది?

11.7 లోపాలు

ఈ చిత్రాన్ని నిర్దుష్టమైనదని చెప్పలేం. కొలోసస్ తన తయారీదారులు ఊహించని తెలివిని గంటల్లో ఎలా సంపాదించిందో సరైన వివరణ లేదు. ‘మేం అనుకున్నదానికన్నా బాగా పనిచేస్తోంది’ అన్న ధోరణిలో దాటవేస్తారు. క్లియో మార్కమ్ స్వయంగా శాస్త్రజ్ఞురాలైనా కథ ఆమెను చీకటిగదికి పరిమితం చేసింది. ఆమె మేధ కథకు అక్కరకొచ్చిన సందర్భాలు తక్కువ. యంత్రంచేత మద్యం పాళ్లు సరిచేయించడం వంటి హాస్యం కొన్నిచోట్ల ఉత్కంఠను పలుచన చేస్తుంది. కాల్చి చంపించే దృశ్యం తరువాత మాత్రం ఆ హాస్యాన్ని గుర్తుచేసుకుంటే నవ్వు రాదు, అది దర్శకుడు ఉద్దేశించి చేసిందో కాదో గాని.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఫోర్బిన్ పాత్రలో ఉంది. చివరిదాకా ప్రేక్షకుడి సానుభూతి అతడిమీదే ఉంటుంది. అతడే తయారుచేశాడన్న సంగతి క్రమంగా మరుగున పడుతుంది. యంత్రంతో పోరాడుతున్న వీరుడిగా అతడు మిగులుతాడు. ఆపే మీట వద్దని రూపకల్పన చేసినవాడు అతడేనని ఎవరూ అతడిని నిలదీయరు. కుప్రిన్ చనిపోయాడు, ప్రోగ్రామర్లు చనిపోయారు, సైబీరియాలో ఊరు పోయింది. ఫోర్బిన్ బతికే ఉన్నాడు, ఎందుకంటే యంత్రానికి అతడు కావాలి.

అభ్యాసం

ఫోర్బిన్‌ను వారి ముందు నిలబెట్టి విచారణ జరిపితే అతడు ఏం చెబుతాడు? సైబీరియాలో చనిపోయినవారి తరఫున ఒక ప్రశ్న, ప్రోగ్రామర్ల కుటుంబాల తరఫున ఒక ప్రశ్న మీరే తయారుచేసి, అతడి సమాధానాలను రెండు పుటలకు మించకుండా రాయండి. సమాధానాల్లో ‘యంత్రం’ అనే మాటను కర్తగా వాడకండి.